అలుగును కోసే ముందు

బుజ్జీ,

నీ థీసిస్‌కి అలుగు (పాంగోలిన్) నాలుక, పొట్ట తీసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెప్పడానికి కాదు, నన్ను దులపడానికి: "నీ పిచ్చే దానికీ అంటించావక్కా, ఆవులూ గేదెలూ ఏమైపోయాయి?" అని. ఆ పూటంతా నాకు గర్వంగానే ఉంది. రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ మొదలైంది.

అనుమతుల గురించి నీకు తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అలుగు మొదటి షెడ్యూల్ జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్నది, చచ్చినా ప్రభుత్వ ఆస్తే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన కాగితం చేతికి రాకుండా దాన్ని ముట్టుకోకు. "వస్తుందిలే, మొదలుపెట్టమ్మా" అని మీ గైడ్ అన్నా సరే.

నా భయమంతా పొలుసుల మీదే. అవి మన గోళ్లలో ఉండే కెరటినే, అందులో మందూ లేదు, మహిమా లేదు. అయినా వాటి కోసం అలుగుల్ని ఎంతగా చంపారంటే, 2016లో జొహన్నెస్‌బర్గ్‌లో దేశాలన్నీ కూర్చుని ఎనిమిది జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాల్సి వచ్చింది. నీ హాస్టల్లో ఎవరో ఒకరు "ఒక్కటివ్వవే, ఉంగరంలో పెట్టించుకుంటా" అంటారు, చూడు. సరదాగానే అంటారు. కేసు మాత్రం సరదాగా ఉండదు. కోసే ముందు ఫారెస్టు బీట్ ఆఫీసర్ ఎదుట పొలుసులు లెక్కపెట్టి పంచనామాలో రాయించు. అయిపోయాక మళ్లీ లెక్కపెట్టు. రాలిపోయినవి విడిగా కవర్లో కట్టి సంతకం తీసుకో. నవ్వేవాళ్లని నవ్వనీ.

ఇక నాలుక. ఇది కాస్త నిదానంగా చదువు.

నేను పీజీలో ఉండగా ఘాట్ రోడ్డు మీద లారీ కింద పడ్డ అలుగుని ఫారెస్టు వాళ్లు గోనెసంచిలో తెచ్చారు. మా సార్ చేతికి గేదెల మీద తిరుగులేదు. కళ్లు మూసుకుని కూడా గేదె గొంతులోంచి నాలుక తీసేవారు. ఆ రోజూ అలాగే చేశారు. దవడల మధ్య కత్తి దింపి, నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముక దగ్గర కోసి బయటికి లాగారు. దారంలా సన్నగా, పొడుగ్గా వచ్చింది. మేమంతా ఆహా అన్నాం. కొలిచి, రికార్డులో రాసి, జాడీలో వేశాం. ట్రే పట్టుకున్నది నేనే.

తర్వాత ఛాతీ తెరిచారు. రొమ్ము ఎముక వెనక గుండ్రటి కండరం ఒకటి కనిపించింది. ఒక కొస తెగి, లోపలికి ముడుచుకుపోయి ఉంది. అది నాలుకే. అలుగు నాలుకని వెనక్కి లాగే కండరం గొంతులో మొదలవ్వదు, ఛాతీ గుండా పోయి రొమ్ము ఎముక చివర ఉండే జిఫాయిడ్ మృదులాస్థిని పట్టుకుని ఉంటుంది. ఆఫ్రికా జాతుల్లోనైతే ఆ మృదులాస్థి పొత్తికడుపులోకి ఇంకా చాలా దూరం సాగుతుంది. పళ్లు లేని జంతువు, చీమలపుట్టలోకి నాలుక చాచి లాక్కోవడమే దాని బతుకు. ఆ లాగుడంతా ఎక్కడి నుంచి వస్తోందని కోసే ముందు మాలో ఒక్కరమైనా అడగలేదు.

సార్ తెగిన రెండు కొసల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. కండరం కుంచించుకుపోయింది, ఇక ఏ కొలతా నిలవదు. సాయంత్రానికి రూలు ప్రకారం కళేబరాన్ని కాల్చేశారు. మరో అలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను అక్కడ ఉన్నన్నాళ్లూ రాలేదు. రికార్డులో అంకె మీద గీత కొట్టి, పక్కన "కొలత చెల్లదు, తప్పు చోట కోశాం" అని రాసి ఆయనే సంతకం పెట్టారు. ఆ పేజీ చింపేసినా అడిగేవాళ్లు లేరు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న అనాటమీ అంతా ఒకెత్తు, ఆ గీత ఒకెత్తు.

అందుకని నువ్వు ముందు ఛాతీ తెరువు. నాలుక కొస నుంచి జిఫాయిడ్ దాకా ఉన్నది ఉన్నట్టే ఫోటో తియ్యి, కొలువు, ఆ తర్వాతే కత్తి. చర్మం వొలిచేటప్పుడు మెడ కింద తొందరపడకు. జిగట ఊరించే లాలాజల గ్రంథులు అలుగులో చాలా పెద్దవి, మెడ దాటి ఛాతీ మీదికి వస్తాయి. కొవ్వనుకుని చర్మంతో పాటు పీకేస్తావు.

పొట్టని కడిగెయ్యకు. అందులో చీమల తలకాయలతో పాటు గులకరాళ్లు ఉంటాయి, నమలలేని జంతువుకి అవే పళ్లు. తూకం వేసి దాచు. లోపలి పొర కెరటిన్‌తో గట్టిగా ఉంటుంది, స్లైడు కోసం పల్చగా కోసే మైక్రోటోమ్ బ్లేడు పాడవుతుంది, అదనంగా పెట్టుకో. మన ఎండలకి పొట్టా పేగులే ముందు చెడతాయి, కాబట్టి కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేసే పని వాటితోనే మొదలుపెట్టు. ముక్క అర సెంటీమీటరు మించకూడదు, ద్రవం ముక్కకి పదింతలు ఉండాలి. ఫారెస్టు వాళ్లకి ముందే చెప్పు, డీప్ ఫ్రీజర్లో పెట్టొద్దని, ఐస్ పెట్టెలో తెమ్మని. గడ్డకట్టిందంటే కణాలు చిరిగిపోయి స్లైడులో నీకు చిల్లులే కనిపిస్తాయి.

ముక్కులోంచీ వెనకనుంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే, ఒంటి మీద దెబ్బ ఏదీ లేకపోతే, కత్తి ముట్టుకోకు. మనుషులకీ అంటుకునే ఆంత్రాక్స్ కాదని రక్తపు స్మియర్ పరీక్ష తేల్చాకే. థీసిస్ ఒక ఏడాది ఆగితే ఆగనీ తల్లీ, మాకు నువ్వు కావాలి. ఫార్మలిన్ దగ్గర కిటికీ తెరిచి కూర్చో, నీకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉందని గైడ్‌కి చెప్పావా? చెప్పి ఉండవు. నువ్వూ మీ అమ్మలాగే, అడిగితే తప్ప నోరు విప్పవు.

రేబీస్ ముందస్తు టీకా వేయించుకున్నావో లేదో ఆదివారం ఫోన్ చేసి నువ్వే చెప్పు. మీ అమ్మతో చెప్పించకు.

పెద్దమ్మ