మొదటి యూనిట్ విప్పకముందు చదువు

ఒరేయ్ చిన్నా,

తెనాలి కల్యాణమండపంలో నాలుగు డక్టబుల్ ఏసీల (గొట్టాల ద్వారా హాలంతా చల్లగాలి పంపేవి) పని నువ్వొక్కడివే ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తను మురిసిపోతోంది. నేనూ మురిశాను గానీ, రెండిటికి గ్యాస్ నిలవట్లేదని విన్నాక నిద్ర పట్టలేదు.

ఫిల్టర్లు, బెల్టు, డ్రెయిన్, కండెన్సర్ కడగడం నీకు చెప్పక్కర్లేదు. మెయిన్ ఆపి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టు.

గ్యాస్ వాడకంలో తరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. "రేపు ముహూర్తం ఉంది, ముందు గ్యాస్ కొట్టెయ్" అంటాడు ఓనరు. కొట్టకు. ఫ్లేర్ నట్ల కింద, కాయిల్ వంపుల దగ్గర జిడ్డు మరక వెతుకు. మిగిలిన గ్యాస్ రికవరీ సిలిండర్లోకి తీసి, నైట్రోజన్ ఎక్కించి, సబ్బునురుగు రాయి. ప్రెషర్ నేమ్‌ప్లేట్ మీది అంకె దాటకూడదు. సాయంత్రం 35 డిగ్రీల్లో 300 పీఎస్ఐ పెట్టి వదిలితే, తెల్లారి 25 డిగ్రీలకి 290 చూపిస్తుంది. అది లీకు కాదు, చల్లబడింది. 280 ఉంటే మాత్రం మళ్లీ నురుగు పట్టుకో.

నైట్రోజన్ అయిపోయిందని వెల్డింగ్ సెట్టులోని ఆక్సిజన్ ఎక్కించావో, నా మీద ఒట్టే! ప్రెషర్‌తో ఉన్న ఆక్సిజన్‌కి కంప్రెసర్ ఆయిల్ తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదు, పేలుతుంది. నైట్రోజన్ కూడా రెగ్యులేటర్ లేకుండా వద్దు. నిండు సిలిండర్లో 2000 పీఎస్ఐ పైనే ఉంటుంది. అతుకు పెట్టేటప్పుడు పైపులో అదే నైట్రోజన్ సన్నగా పారనివ్వు, లేకపోతే లోపల నల్లపొట్టు రేగి, గ్యాస్‌ని సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కి అడ్డం పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, వ్యాక్యూమ్. అంటే గ్యాస్ నింపేముందు పైపుల్లోని గాలినీ తేమనీ పంపుతో లాగెయ్యడం. మన పనిలో ఇంతకన్నా పాత తప్పు లేదు. పంపు ఇరవై నిమిషాలు తిప్పడం, గేజి ముల్లు 30 అంగుళాల దగ్గరికి రాగానే "అయిపోయింది" అనడం. పాత ఆర్-22 గ్యాస్ రోజుల్లో చెల్లింది. అందులోని మినరల్ ఆయిల్ తేమని పెద్దగా పీల్చదు. ఈ ఆర్-410ఏ గ్యాస్ యూనిట్లలో ఉండే పీఓఈ అనే సింథటిక్ ఆయిల్ వానాకాలం మూత తీసిన ఉప్పుడబ్బా లాంటిది. పీల్చుకున్న తేమని పంపుకి అంత తేలిగ్గా వదలదు కూడా. అందుకే తెరిచిన పైపు మూతుల్ని వెంటనే మూసెయ్యి. తెరిచిన ప్రతిసారీ తేమ పీల్చే డ్రయ్యర్ మార్చు.

ముల్లు ఎందుకు మోసం చేస్తుందో విను. 25 డిగ్రీల దగ్గర నీరు మరగడం మొదలయ్యేదే ముల్లు 29 అంగుళాలకి చేరాక. అంటే నువ్వు పంపు ఆపుదామనుకునే చోట అసలు పని మొదలవుతుంది. మనకి కావలసింది లోపల మిగిలే ఒత్తిడి 500 మైక్రాన్లే, అంటే పాదరసం మట్టంలో అంగుళంలో యాభయ్యో వంతు. అది ఆ ముల్లు మందంలోనే దాక్కుంటుంది. మైక్రాన్ మీటర్ కొను, పంపు దగ్గర కాదు, యూనిట్ దగ్గర తగిలించు. వాల్వ్ పిన్నులు తీసి లావు గొట్టాలు పెట్టు. 500 కిందికొచ్చాక పంపు వైపు వాల్వ్ మూసి, పంపు ఆపి, పది నిమిషాలు చూడు. అంకె ఆగకుండా పైకి పోతూనే ఉంటే లీకు. పదిహేను వందలో రెండువేలో దాకా ఎక్కి ఆగితే తేమ. అప్పుడు కాస్త నైట్రోజన్ వదిలి మళ్లీ లాగు. పంపు ఆయిల్ తెల్లగా పాలలా మారితే మార్చు. వ్యాక్యూమ్‌లో ఉండగా కంప్రెసర్ స్విచ్ వేశావంటే లోపల టెర్మినళ్ల దగ్గరే మెరుపు కొట్టి కాలిపోతుంది.

తేమ మిగిలితే ఆ చుక్క ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది. కాసేపు చల్లగా వచ్చి ఆగిపోతుంది, యూనిట్ ఆపి అరగంట తర్వాత వేస్తే మళ్లీ వస్తుంది. దాన్ని గ్యాస్ తక్కువనుకుని ఇంకా కొడతారు వెర్రివాళ్లు. ఈలోగా ఆయిల్ ఆమ్లంగా మారి వైండింగ్‌ని తినేస్తుంది.

గ్యాస్ తూకం వేసే ఎక్కించు, ద్రవంగానే. పొడవు పైపుకి అదనం ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. లో సైడ్ (కంప్రెసర్‌కి తిరిగొచ్చే వైపు) ప్రెషర్ 120 పీఎస్ఐ అంటే కాయిల్లో 5 డిగ్రీలు. రిటర్న్ పైపు 11 చూపిస్తే బాగున్నట్టే.

మిట్టమధ్యాహ్నం మేడెక్కకు, చెప్పులతో అసలే ఎక్కకు. పొద్దున తిని వెళ్లు, మీ అమ్మ మాట కాదు, నా మాట.

మొదటి యూనిట్ వ్యాక్యూమ్ అయ్యాక మీటర్ ఫొటోలు రెండు పంపు. పంపు ఆపినప్పుడు ఒకటి, పది నిమిషాలయ్యాక ఒకటి. నేను చూసి చెప్పేదాకా సిలిండర్ తెరవకు.

మీ మావయ్య