5+1 చేస్తే ఎండార్స్‌మెంట్ వస్తుందా?

ఆస్ట్రేలియాలో సైకాలజీ ఆనర్స్ అయిపోయింది, ఇక 5+1 దారిలో (అయిదేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్) వెళ్తే ఎడ్యుకేషనల్ అండ్ డెవలప్‌మెంటల్ సైకాలజిస్ట్ (పిల్లల చదువు, ఎదుగుదల చూసే సైకాలజిస్ట్) అవుతానా అని అడిగారు కదండీ. దాంతో అవ్వరు. 5+1 వల్ల వచ్చేది జనరల్ రిజిస్ట్రేషన్, అంటే మామూలు సైకాలజిస్ట్‌గా పనిచేసే అనుమతి. దాంతో స్కూల్లో పిల్లలతో పనిచేయవచ్చు, కానీ ఆ పేరు పెట్టుకోవాలంటే సైకాలజీ బోర్డు ఇచ్చే ఎండార్స్‌మెంట్, అంటే ఆ విభాగంలో ప్రత్యేక గుర్తింపు, ఉండాలి.

అందుకు ఆ విభాగంలోనే గుర్తింపు ఉన్న మాస్టర్స్ చేయాలి. మోనాష్ యూనివర్సిటీలో ఈ కోర్సు ఉంది. ఫుల్‌టైమ్ అయితే రెండేళ్లు. క్లాసులతో పాటు థీసిస్, సూపర్‌వైజర్ కింద ప్లేస్‌మెంట్లు (ఉద్యోగాలు కావు, ప్రాక్టికల్ శిక్షణ) ఉంటాయి. ప్లేస్‌మెంట్ మొదలయ్యేలోపే ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ (శిక్షణలో ఉన్నవాళ్లకు బోర్డు ఇచ్చే తాత్కాలిక అనుమతి) చేతిలో ఉండాలి, ఇది మర్చిపోకండి. మాస్టర్స్ తర్వాత మామూలుగా ఇంకో రెండేళ్ల రిజిస్ట్రార్ ప్రోగ్రామ్, అంటే సూపర్‌వైజర్ పర్యవేక్షణలో పనిచేయడం. ఆ సమయంలో ఉద్యోగం చేసుకోవచ్చు కాబట్టి టెన్షన్ పడకండి.

నా మాట వింటే, దరఖాస్తుకు ముందే పిల్లలతో పని అనుభవం సంపాదించండి. ఆటిజం ఉన్న పిల్లలకు సాయం చేసే పని అయినా, క్లాసులో టీచర్‌కి సహాయకురాలిగా అయినా సరే. సీట్లు తక్కువ, ఇంటర్వ్యూలో మార్కులొక్కటే చూడరు. ఒక పిల్లవాడు చదవలేకపోతుంటే మీరు ఏం గమనించారో చెప్పగలగాలి. ఆనర్స్ గైడ్‌ని రిఫరెన్స్ ఈ వారమే అడగండి.