పికప్ క్యాబిన్‌లో సామాను జారకూడదంటే ముందు డ్రైవరు కాళ్ల దగ్గర చూడండి

సీటు వెనుక పెట్టిన జాకీ, పానాలు, తాళ్లు మలుపు తిరిగినప్పుడల్లా జారుతున్నాయి, నెట్ కొనాలా, ప్లాస్టిక్ పెట్టె కొనాలా అని అడిగారు. అది తర్వాత చూద్దాం. చప్పుడు చేస్తూ జారే సామాను చికాకు పెడుతుంది. చప్పుడు లేకుండా దొర్లి బ్రేకు పెడల్ కిందికి చేరే వస్తువు ప్రాణం తీస్తుంది.

మా పెదనాన్నగారి అబ్బాయి పికప్‌లో గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు చేర్చి, నరసరావుపేట వైపు తిరిగి వస్తున్నాం. శివరాత్రి దగ్గరపడింది. ఇంటికని కొన్న కొబ్బరికాయల సంచిని అన్నయ్య సీటు వెనుక పెట్టాడు. ఖాళీ పికప్ ఎంత ఎగురుతుందో నడిపినవారికి తెలుసు. వెనుక చక్రాల మీది కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) టన్నుకు పైబడిన బరువు కోసం చేసినవి, ఖాళీ బండికి అవి వంగవు, ప్రతి గుంతా నేరుగా క్యాబిన్‌కు తగులుతుంది. వెళ్లేటప్పుడు కదలని సామాను వచ్చేటప్పుడు కదలడానికి కారణం ఇదే.

ఫిరంగిపురం దగ్గర రంగు లేని స్పీడు బ్రేకరు ఒకటి మాకు కనిపించలేదు. బండి ఎగిరిపడింది. సంచి మూతి విడిపోయి ఒక కాయ సీటు కింది సందులోంచి ముందుకు వచ్చింది. అంతలోనే పొలం దారిలోంచి ట్రాక్టరు రోడ్డెక్కింది. అన్నయ్య బ్రేకు తొక్కితే పెడల్ సగంలోనే ఆగిపోయింది. "ఒరేయ్, కాలి కింద ఏదో ఉంది, తియ్యి!" అని అరిచాడు. నేను వంగేలోపే గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని మార్జిన్‌లోకి దించాడు. మట్టి కుప్పకు ఆనుకుని ఆగింది. సీటు వెనుక ఉన్న వీల్ పానా అప్పటికే వచ్చి నా చీలమండకు తగిలింది. కాలు వాచి, కొన్నాళ్లు చెప్పు పట్టలేదు.

ఊళ్ల దగ్గర స్పీడు బ్రేకరు వేస్తే దానిపై తెల్లటి పట్టీలు, ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలని నిబంధనలు ఉన్నాయి. పల్నాడు దారుల్లో రాత్రిపూట నడిపి చూడండి, ఎన్నింటికి ఉన్నాయో తెలుస్తుంది. ఇది రాయకుండా ఉండలేను.

ఇక లెక్క చెబుతాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న బండి ఉన్నట్టుండి ఆగితే, లోపల కట్టకుండా ఉన్న వస్తువు అదే వేగంతో ముందుకు వస్తుంది. 14 మీటర్ల ఎత్తు నుంచి కింద పడిన వస్తువుకు ఉండే వేగం అది. నాలుగంతస్తుల మేడపైనుంచి జాకీ మీ వీపు మీద పడినట్టు అనుకోండి. అందుకే డ్యాష్‌బోర్డు మీద బరువైన ఇత్తడి విగ్రహం పెట్టవద్దని తెలిసినవారందరికీ చెబుతాను. దుర్గమ్మ పటం అతికించుకోండి, అమ్మవారు అందులోనూ ఉంటారు.

జారడానికి సగం కారణం కింద వేయించుకునే నున్నటి రెక్సిన్. కొత్త బండికి అందం కోసం అది వేయిస్తారు, దాని మీద ఏ వస్తువూ నిలవదు. పశువుల కొట్టంలో పరిచే గరుకు రబ్బరు మ్యాటు కొని, సీటు వెనుక కొలతకు కోసి వేయండి. డ్రైవరు కాళ్ల దగ్గర మాత్రం వద్దు, మందం ఎక్కువై పెడల్‌కు అడ్డు వస్తుంది.

బరువైన సామానును బండి ఇనుముకే బిగించాలి. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, గుంటూరులో అయినా సీటు బోల్టు కింద రింగు ఉన్న ఇనుప పట్టీ బిగించమంటే బిగిస్తారు. వెల్డింగు చేయనివ్వకండి, తప్పదంటే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. ఆ రింగుల మధ్య రాచెట్ బెల్టు, అంటే పిడి ఆడించి బిగించే పట్టీ వేసి లాగండి. కొక్కేలున్న ఎలాస్టిక్ తాడు చౌక, కానీ బ్రేకు వేసినప్పుడు అది సాగుతుంది, సామాను దానితో పాటే వస్తుంది. అతికించే హుక్కులు, రెండు వైపులా జిగురున్న టేపులు మన మే నెల ఎండకు నిలవవు. తలుపులు మూసి నిలిపిన క్యాబిన్‌లో ఆ జిగురు మెత్తబడి ఊడిపోతుంది. అయస్కాంతాలూ అంతే, నేరుగా లాగితే గట్టిగానే పట్టుకుంటాయి, పక్కకు నెడితే జారిపోతాయి.

జాకీ మరలతో పైకి లేచే రకమైతే దాని స్టాండులో పెట్టి, మర తిప్పి అక్కడే బిగుసుకునేలా చేయండి. ఆయిల్ జాకీ అయితే నిలువుగానే ఉండాలి, పడుకోబెడితే ఆయిల్ కారే ప్రమాదం ఉంది. పానాలను పాత గోతం ముక్కలో చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి, ఆ కట్టను బెల్టు కింద పెట్టండి. మోకులు, టార్పాలిన్ పట్టా పానాల పక్కన కుక్కితే ఖాళీ మిగలదు. ఖాళీ లేనిచోట కదలిక ఉండదు.

నెట్ తువ్వాలు, రెయిన్‌కోటు లాంటి తేలిక వస్తువులకు చాలు. పెట్టె కొంటే కింద బోల్టు వేయించుకోండి, లేకపోతే అది కూడా జారే సామానే. నీళ్ల సీసా తలుపు అరలో పట్టేంతది కొనండి. సీటు కింది సందును మాత్రం ఈ రోజే మందపాటి రబ్బరు పట్టీతో మూయించండి, మిగతావి వచ్చే వారం చేయించుకోవచ్చు.