మొదటి ఐదుగురిలో చోటు పోయింది... ఆట మానేయనా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. రెండేళ్లుగా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో పాయింట్ గార్డ్‌ని, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపించేదాన్ని. ఈ ఏడాది ఫస్టియర్ అమ్మాయి వచ్చాక కోచ్ నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టారు. మ్యాచ్‌కు 8, 10 నిమిషాలే దొరుకుతున్నాయి. ఆ అమ్మాయితో మాట్లాడబుద్ధి కావడం లేదు. నాన్నేమో ‘ఆడించనప్పుడు వెళ్లడమెందుకు, మానెయ్’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: రెండేళ్లు అలవాటైన చోటు పోతే కడుపు రగిలిపోతుంది. దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. అమ్మ దగ్గరో, ఆటతో సంబంధం లేని స్నేహితురాలి దగ్గరో తనివితీరా చెప్పుకోండి. హాస్టల్ గదిలో తోటి ప్లేయర్ల ముందు కోచ్‌ను తిట్టుకుంటే మాత్రం సాయంత్రానికి ఆ మాట బాస్కెట్‌బాల్ కోర్టుకు చేరుతుంది, టీమ్ రెండు ముక్కలవుతుంది.

కోచ్‌తో మాట్లాడండి. మ్యాచ్ అయిన వెంటనే వద్దు, మర్నాడు ప్రాక్టీస్‌కు పావుగంట ముందు వెళ్లండి. ‘నన్నెందుకు తీసేశారు సర్?’ అంటే ఆయన సంజాయిషీలో పడతారు, మీకు పనికొచ్చే మాట ఒక్కటీ రాదు. ‘నన్ను ఏ సమయంలో, ఏ పనికి దించాలనుకుంటున్నారు? అది సరిగ్గా చేస్తున్నానో లేదో దేన్నిబట్టి చూస్తారు?’ అని అడగండి. జూనియర్ పేరు ఎత్తకండి. ఆయన చెప్పింది ఆ రాత్రే రాసిపెట్టుకుని, 3 వారాల తర్వాత మళ్లీ అడగండి. ఒకవేళ అసలు కారణం ఆట కాదనీ, ఆయన అసభ్య ప్రవర్తనకు మీరు ఎదురుచెప్పడమేననీ అనిపిస్తే, కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాసివ్వండి. అలాంటిదాన్ని హుందాగా భరించమని నేను చెప్పను.

ఇక బెంచ్ సంగతి. 40 నిమిషాల మ్యాచ్‌లో మీకు 10 వస్తే, మిగతా 30 కూడా మీ పనిలో భాగమే. ముందున్న గార్డ్ అలసిపోయినా, ఫౌళ్లు పెరిగినా మీకు పిలుపొస్తుంది. 5 ఫౌళ్లయితే ఆమె బయటికి రావాల్సిందే. కాబట్టి మొదటి సగంలోనే 2 పడ్డాయంటే మీరు లేచి ఒళ్లు కదిలించాలి. చల్లబడ్డ కాళ్లతో దిగి ఒక్కసారిగా పరిగెత్తితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. క్వార్టర్ల మధ్య విరామంలో బెంచ్ వెనక మోకాళ్లెత్తి పరుగు, పక్కకు అడుగులు చేయండి. కూర్చున్నంతసేపూ స్కోర్‌బోర్డును కాదు, మీరు అడ్డుకోబోయే గార్డ్‌ను చూడండి. ఏ చేత్తో డ్రిబుల్ చేస్తూ చొచ్చుకొస్తోంది? ఒత్తిడి పెడితే ఎటు తిరుగుతోంది?

దిగాక చాలామంది చేసే తప్పు, బంతి అందగానే షాట్ కొట్టడం. తానేంటో చూపించాలన్న ఆత్రం అది. అది తప్పితే రెండోది ఇంకా తొందరగా కొడతారు, ఆ విసుగులో ఓ ఫౌల్, కోచ్ వెనక్కి పిలిచేస్తారు. మొదటి 2 నిమిషాలు బంతి పోగొట్టుకోకుండా ముందుకు తెచ్చి పాస్ ఇవ్వండి, తప్పిన షాట్ బంతిని అందుకునేటప్పుడు (రీబౌండ్) ప్రత్యర్థిని ఒంటితో అడ్డుకుని బంతికి దూరంగా ఉంచడం (బాక్స్ అవుట్) వదలకండి. ఖాళీగా దొరికిన షాట్ మాత్రం తీసుకోండి.

ఆండ్రే ఇగ్వొడాలా అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో తన మొదటి 758 లీగ్ మ్యాచ్‌లనూ మొదటి ఐదుగురిలో ఒకడిగానే ఆడాడు. 2014-15లో అతని జట్టు వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ అతన్ని బెంచ్‌కు మార్చాడు. ఆ సీజన్ ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో మళ్లీ మొదటి ఐదుగురిలోకి తీసుకున్నాడు. టీమ్ టైటిల్ గెలిచింది, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి పురస్కారం అతనికే వచ్చింది. మీ చోటూ తిరిగొస్తుందని మాట ఇవ్వలేను. కానీ పిలుపొచ్చిన రోజు అతను సిద్ధంగా ఉన్నాడు చూడండి, అది మీ చేతిలోనూ ఉంది.

ఆ అమ్మాయి మీ చోటు అడిగి తీసుకోలేదు. విరామంలో మీరు గమనించిన ఒక్క విషయం చెప్పండి, ‘అవతలి గార్డ్ ఎడమకు వెళ్లలేకపోతోంది, అటు నెట్టు’ అని. మాటలు అక్కడ మొదలైతే చాలు. ప్రాక్టీస్‌లో మాత్రం ఆమెను పూర్తి బలంతో అడ్డుకోండి, ఇద్దరికీ అదే మేలు.

నాన్నకు కోపం మీ మీద కాదు, మీకు జరిగినదాని మీద. ఆయన కోచ్‌కు ఫోన్ చేయకుండా మాట తీసుకోండి. మానాలనే అనిపిస్తే సీజన్ అయ్యాకే నిర్ణయించుకోండి. ఈలోగా ఒక మ్యాచ్‌కు ఆయన్ను రమ్మనండి. మీ పాయింట్లు కాదు, మీరున్న నిమిషాల్లో అవతలి గార్డ్ ఎన్నిసార్లు బంతి పోగొట్టుకుందో లెక్కపెట్టమనండి.