స్టేజీ వాళ్లు సినిమాకి పనికిరారన్నది ఎవరండీ?

"పాతికేళ్లుగా నాటకాలు వేస్తున్నాను, నాకు యాభై ఏళ్లు దాటాయి, ఇప్పుడు సినిమాల్లో ట్రై చేస్తే వేస్టా?" అని ఒకరు అడిగారు. అస్సలు వేస్ట్ కాదండీ. నేనూ పరిషత్తు నాటకాల్లోంచి వచ్చినవాణ్ణే, ఈ మాట ఎవరడిగినా నేను చెప్పే పేరు ఒకటే, పాత హాలీవుడ్ నటుడు సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్.

ఇంగ్లాండులో కెంట్ వైపు 1879లో పుట్టాడు, కుర్రతనంలో టీ తోటల్లో డబ్బు చేసుకుందామని సిలోన్ వెళ్తే కరువొచ్చి తిరిగొచ్చేశాడు, ఆ తర్వాత నాటకాల్లో పడి అమెరికా చేరి అక్కడే దశాబ్దాలు స్టేజీ మీద గడిపాడు. సినిమా కెమెరా ముందుకొచ్చింది 1941లో, ది మాల్టీస్ ఫాల్కన్ కోసం. అప్పటికి ఆయనకి 61! మొదటి సినిమాకే ఆస్కార్ నామినేషన్.

అందులో చివర్లో గద్ద బొమ్మ సీను చూడండి. ఈయన పాత్ర పదిహేడేళ్లు వెంటపడిన బొమ్మ చేతికొచ్చింది, పైన నల్లరంగు, లోపల బంగారం రత్నాలు ఉండాలి. చిన్న చాకుతో గీకడం మొదలుపెడతాడు, మొదట నెమ్మదిగా, తర్వాత చెయ్యి ఆగదు, గీకుతూనే ఉంటాడు, చివరికి అది సీసం అని తెలుస్తుంది. పక్కన తోటి నటుడు పీటర్ లోరే తిట్టి తిట్టి ఏడుస్తుంటే ఈయన మాత్రం ఒక్క క్షణంలో తేరుకుని నవ్వేసి, పద ఇస్తాంబుల్ పోదాం అంటాడు. ఆ తేరుకోవడం ఉందే, అది రోజూ సాయంత్రం జనం ముందు నిలబడి ఎక్కడ ఆగాలో నేర్చుకున్నవాడికే వస్తుంది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒక ఆడిషన్‌కి వెళ్తే కుర్రాడు నా డైలాగ్ సగంలోనే ఆపి "సార్, స్టేజీ యాక్టింగ్ వద్దు, తగ్గించండి" అన్నాడు, అంతకు ముందే ఇన్‌స్టాలో ఫాలోవర్లు ఎంతమంది అని కూడా అడిగాడు. తండ్రి వేషానికి ఫాలోవర్లు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు! గొంతు ఎంత పెంచాలో ఎంత దించాలో స్టేజీ వాడికి తెలిసినంత ఎవరికీ తెలీదు, తగ్గించమని ఒక్కసారి సరిగ్గా చెబితే చాలు. గ్రీన్‌స్ట్రీట్‌కి దొరికిన అదృష్టం జాన్ హ్యూస్టన్ లాంటి డైరెక్టర్, ఆయనకీ డైరెక్టర్‌గా అదే మొదటి సినిమా. ఈయన పొట్ట, ఆ గొంతు, నింపాదిగా మాట్లాడే తీరు ఏదీ మార్చమనలేదు, కెమెరా కింద పెట్టి ఆ భారీకాయాన్ని ఇంకా పెద్దగా చూపించారు.

ఆ తర్వాత కాసాబ్లాంకా సినిమాలో చిన్న వేషం, ఈగలు తోలుకుంటూ కూర్చునే బార్ ఓనరు, దాన్ని కూడా జనం మర్చిపోలేదు. 1949 దాకా, అంటే ఎనిమిదేళ్లలోనే, ఇరవైకి పైగా సినిమాలు. 1954లో పోయాడు.

కాబట్టి మీరు సినిమా వాళ్లకి ఫోటోలు ఒక్కటే పంపకండి, మీ నాటకంలోంచి మీకు బాగా పేరొచ్చిన సీను రెండు నిమిషాలు దగ్గర్నుంచి తీయించి పంపండి, మొహం కనిపించేలా.