స్విచ్ కొన్నా రెండో కంప్యూటర్‌కి నెట్ రాదేం?

ప్రశ్న: మాది తెనాలి, రిటైరైన మాస్టారిని. కేబుల్ ఆయన ఇచ్చిన ఇంటర్నెట్ వైరు డాబా మీద నుంచి దిగి నేరుగా హాల్లో ఉన్న నా డెస్క్‌టాప్ వెనక చేరుతుంది. పొద్దున్నే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ అవుతాను. ఇప్పుడు మనవరాలు ఇంజనీరింగ్ చదువుకి మా ఇంటికే వచ్చింది, దాని ల్యాప్‌టాప్‌కీ నెట్ కావాలి. షాపులో అడిగితే 5 పోర్టుల స్విచ్ చేతిలో పెట్టారు. వైరు అందులో గుచ్చి రెండింటికీ చెరో వైరు లాగాను. నాది కనెక్ట్ అయితే దానిది అవదు, దానిది అయితే నాది అవదు, ఎర్రర్ 691 అంటుంది. కేబుల్ ఆయన్ని అడిగితే ‘రెండో కనెక్షన్ తీసుకోండి సార్’ అంటున్నాడు. తప్పదా?

జవాబు: రెండో కనెక్షన్ అక్కర్లేదు మాస్టారూ, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. అయితే షాపువాళ్లు మీకు అంటగట్టిన స్విచ్‌తో ఈ పని అవదు. స్విచ్ కలిపేది వైర్లను మాత్రమే. మీ కనెక్షన్‌కి ఒక యూజర్ ఐడీ, దానికి ఒకసారికి ఒకటే లాగిన్, ఆ లాగిన్‌కి ఒకటే ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మీ ఇంటి నంబరు. మీరు లోపల ఉండగా మనవరాలు అదే ఐడీతో తలుపు తడితే అవతలి సర్వర్ తియ్యదు. ఎర్రర్ 691 అంటే పైకి ‘పాస్‌వర్డ్ తప్పు’ అన్నట్టు కనిపిస్తుంది గానీ, ఇలాంటి చోట్ల చాలాసార్లు ‘ఈ ఐడీతో ఇప్పటికే ఒకరు ఉన్నారు’ అనే అర్థం. పాస్‌వర్డ్ పదిసార్లు మార్చి మార్చి కొట్టినవాళ్లు నాకు తెలుసు, పాపం.

మీకు కావాల్సింది రూటర్. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని గుర్తు తెచ్చుకోండి. బయటివాళ్లకి తెలిసింది అపార్ట్‌మెంట్ అడ్రస్ ఒక్కటే, ఏ పార్సెల్ ఏ ఫ్లాట్‌దో వాచ్‌మన్ పుస్తకంలో రాసుకుని చేరుస్తాడు. రూటర్ చేసేదీ అదే, మీ ఐడీతో తను ఒక్కటే లాగిన్ అయి, ఇంట్లో ఒక్కో కంప్యూటర్‌కి 192.168తో మొదలయ్యే సొంత నంబరు ఒకటి ఇచ్చి, ఎవరు అడిగిన పేజీ వాళ్లకే పంపిస్తుంది. దీన్నే నాట్ అంటారు. కేబుల్ ఆయన సర్వర్‌కి అవతల రెండు కంప్యూటర్లున్నాయో పది ఉన్నాయో పట్టదు, దానికి లాగిన్ అయింది ఒక్కరే.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. పాత టెలిఫోన్ లైన్ బ్రాడ్‌బ్యాండ్‌కి వాడే మోడెమ్ రూటర్లు కొన్ని షాపుల్లో ఇంకా మిగిలి ఉన్నాయి, చవగ్గా ఇస్తామంటారు. వాటికి ఫోన్ వైరు పట్టే సన్న జాక్ ఉంటుంది, మీకు అది పనికిరాదు. కంప్యూటర్ వెనక పెట్టే అదే క్లిప్ పట్టే ‘వాన్’ పోర్టు ఉండాలి.

ఇంటికి తెచ్చాక డాబా మీద నుంచి వచ్చిన వైరు ఆ వాన్ పోర్టులో, డెస్క్‌టాప్ నుంచి వచ్చిన వైరు ‘లాన్’ పోర్టులో పెట్టండి. బ్రౌజర్‌లో 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ కొట్టండి, మీ రూటర్‌ది ఏదో దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. కనెక్షన్ రకం అడిగిన చోట పీపీపీఓఈ (ఐడీ, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే రకం) ఎంచుకుని, రోజూ మీరు కొట్టే ఐడీ, పాస్‌వర్డ్ అక్కడ ఒక్కసారి కొట్టి సేవ్ చేయండి. ఆ తర్వాత డెస్క్‌టాప్‌లో పాత బ్రాడ్‌బ్యాండ్ ఐకాన్ తీసేయండి, అలవాటుగా నొక్కారంటే మళ్లీ ఏదో ఒక ఎర్రర్ చూపిస్తుంది. వైఫైకి డబ్ల్యూపీఏ2 అనే రక్షణ రకం ఎంచుకుని పాస్‌వర్డ్ పెట్టడం, రూటర్ పేజీలోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం అదే రోజు చేసేయండి, రేపు అంటే ఇక చేయం.

కొందరు ఆపరేటర్లు మొదట పెట్టిన కంప్యూటర్ మ్యాక్ అడ్రస్‌కే (ఆ మెషిన్‌కి ఫ్యాక్టరీలో వేసిన నంబరుకే) కనెక్షన్ కట్టేస్తారు, అప్పుడు రూటర్‌లో ‘మ్యాక్ క్లోన్’ నొక్కాలి. మీ ఇంట్లో ఆ గొడవ లేదు. ఎలా చెప్పగలనంటే, ఒక్కొక్కటిగా పెడితే రెండూ కనెక్ట్ అవుతున్నాయని మీరే రాశారు కదా.

స్పీడు సగమైపోతుందా అని తర్వాత ఎలాగూ అడుగుతారు. ఇద్దరూ ఒకేసారి పెద్ద ఫైళ్లు దించుకుంటేనే దాదాపు సగం. మీరు పేపరు చదువుతుంటే మనవరాలికి తేడా తెలియదు. 40 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకి 5 మెగాబైట్లు, ఇద్దరికి చాలు. అసలు చిక్కు అప్‌లోడ్‌తో, ఒకరి ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కుతుంటే రెండోవాళ్ల వీడియో క్లాసు నత్తనడక నడుస్తుంది, ఆ పని రాత్రికి పెట్టుకోమనండి.

వైరు సంగతి కూడా చెప్పేస్తాను, మా ఇంట్లో ఆర్నెల్లు తెలియకుండా నష్టపోయాను. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) రూటర్ కొన్నా కంప్యూటర్‌లో లింక్ స్పీడు 100 దాటేది కాదు. ఓ రోజు క్లిప్ ఊడదీసి కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే, ఆ పారదర్శకమైన ప్లాస్టిక్‌లో ఎనిమిది తీగలకి నాలుగే కనిపించాయి, మిగతా నాలుగూ కత్తిరించి వైరు తొడుగులోకి మడిచేశారు. నాలుగు తీగలతో 100 వస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ప్లాన్ 100 లోపే అయితే దీని జోలికి పోకండి.

రూటర్ అసలు వద్దనుకుంటే విండోస్ 10లో, 11లో ‘మొబైల్ హాట్‌స్పాట్’ ఉంది, డెస్క్‌టాప్‌కి వైఫై ఉంటే దాని నుంచే ల్యాప్‌టాప్‌కి ఇవ్వొచ్చు. కానీ మనవరాలు అర్ధరాత్రి చదివినంతసేపూ మీ డెస్క్‌టాప్ ఆన్‌లో ఉండాలి. నేనైతే రూటరే కొంటాను. స్విచ్ మాత్రం పారేయకండి, రూటర్ పోర్టులు నిండాక దాని అవసరం పడుతుంది.

ప్రశ్న: హనుమకొండలో ఉంటాం. ఫైబర్ బాక్స్ కింద ఉంది, దానికే వైఫై ఉంది గానీ పై అంతస్తుకి అందదు. పైన రూటర్ పెట్టాను, నెట్ వస్తోంది. కానీ కింద ఉన్న ప్రింటర్ పైన ల్యాప్‌టాప్‌కి కనిపించడం మానేసింది.

జవాబు: మీ ఇంట్లో ఇప్పుడు ఇద్దరు వాచ్‌మన్లు. ఫైబర్ బాక్స్ ఒక నెట్‌వర్క్ నడుపుతుంటే పైన రూటర్ ఇంకోటి నడుపుతోంది, ప్రింటర్ ఒక గేటులో, ల్యాప్‌టాప్ ఇంకో గేటులో. రూటర్ సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ (సొంత నెట్‌వర్క్ నడపకుండా వైఫై మాత్రం అందించేది) ఉంటే అది పెట్టేయండి, అయిపోయింది. లేకపోతే ముందు రూటర్ నంబరుని బాక్స్ వరుసలోనే ఎవరూ వాడనిది, అంటే బాక్స్ 192.168.1.1 అయి 250 ఖాళీగా ఉంటే 192.168.1.250 అని మార్చి, డీహెచ్‌సీపీ (ఇంట్లో నంబర్లు పంచే పని) ఆపి, కింది నుంచి వచ్చిన వైరు వాన్‌లోంచి తీసి లాన్ పోర్టులో పెట్టండి. వైరు మార్చడం చివర్లో, ముందే మార్చారంటే రెండూ నంబర్లు పంచడానికి పోటీ పడతాయి.