జిల్లా విడిపోయింది, జెడ్పీ ఎందుకు విడిపోలేదు?

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లాలో ఒక పల్లె. 2022లో విశాఖ జిల్లా నుంచి విడిపోయాక కలెక్టరు, ఎస్పీ మారారు. జిల్లా పరిషత్తు (జెడ్పీ) చైర్‌పర్సన్ మాత్రం ఇప్పటికీ ఉమ్మడి విశాఖకే. ఇది చెల్లుతుందా? నగరానికి మేయర్ ఎలాగో జిల్లాకి చైర్మన్ అలాగంటారు, మరి మా జెడ్పీ హైస్కూలు ప్రహరీ ఆయన మంజూరు చేయగలరా? 1987లో చైర్మన్‌కి తానే ఓటేశానని మా నాన్నగారు అంటారు. ఇప్పుడు మేమెందుకు వేయలేం?

జవాబు: చెల్లుతుంది. కలెక్టరు ఉండే రెవెన్యూ జిల్లా 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద పుడుతుంది. జిల్లా పరిషత్తు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద, వేరే నోటిఫికేషన్‌తో ఏర్పడుతుంది. మొదటిది ముక్కలైనంత మాత్రాన రెండోది దానంతటదే ముక్కలవదు. పైగా పాలకవర్గానికి తొలి సమావేశం నుంచి అయిదేళ్ల గడువు రాజ్యాంగం 243ఈ అధికరణ ఇచ్చింది. మీ జెడ్పీ పాలకవర్గం 2021 సెప్టెంబరులో కొలువుదీరింది కాబట్టి లెక్క 2026 సెప్టెంబరు దాకా. అన్నట్టు, అనకాపల్లి పట్టణం విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. అంటే మీ జిల్లా కేంద్రంలో ఉండేవాళ్లకి మేయర్ విశాఖలో ఉంటారు, జెడ్పీటీసీకి, అంటే మండలం నుంచి జెడ్పీకి ఎన్నికయ్యే సభ్యుడికి, ఓటు మాత్రం ఉండదు. జెడ్పీ పల్లెలకే.

మీ నాన్నగారి మాట అక్షరాలా నిజం. మద్రాసు ప్రెసిడెన్సీ 1884 చట్టంలో జిల్లా బోర్డుకి కలెక్టరే అధ్యక్షుడు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక చైర్మన్ కుర్చీ ప్రజాప్రతినిధికి దక్కింది గానీ, స్థాయీ సంఘాలన్నిటికీ పెద్ద మళ్లీ కలెక్టరే. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో సమితులు తీసేసి మండల పరిషత్తులు పెట్టింది. ఆ చట్టం కింద 1987లో జిల్లా చైర్మన్‌ని ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. జిల్లా అంతా తిరిగి ఓట్లడిగి గెలిచిన మనిషి మాటకి ఎమ్మెల్యేల దగ్గర కూడా బరువుండేది.

1993లో రాజ్యాంగ 73వ సవరణ అమల్లోకి రావడంతో ఆ ముచ్చట తీరిపోయింది. జిల్లా, మండల స్థాయి అధ్యక్షుల్ని ఎన్నికైన సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలని 243సి అధికరణ కట్టేసింది. అందుకే ఇప్పుడు మీరు జెడ్పీటీసీకి వేస్తారు, జెడ్పీటీసీలు చైర్మన్‌ని ఎన్నుకుంటారు. మేయర్ల విషయం వేరు. ఎన్నిక ఎలా జరగాలన్నది 243ఆర్ అధికరణ రాష్ట్ర శాసనసభకే వదిలింది. 2002లో హైదరాబాద్ మేయర్‌ని నగర ఓటర్లే ఎన్నుకోవడం, తర్వాత ఆ పని కార్పొరేటర్ల చేతికి పోవడం అందువల్లే. మేయర్‌కి ప్రత్యక్ష ఎన్నిక కావాలంటే అసెంబ్లీ చట్టం చాలు, జెడ్పీ చైర్మన్‌కి కావాలంటే రాజ్యాంగమే మారాలి. మరుసటి ఎన్నికల సభలో ఎవరైనా వాగ్దానం చేస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక ప్రహరీ. చైర్మన్ ఒంటి సంతకంతో మంజూరు చేయలేరు. సమావేశం పెట్టడం, అధ్యక్షత వహించడం, రికార్డులు తెప్పించి చూడటం, తీర్మానాలు అమలు చేయించడం ఆయన అధికారాలు. బిల్లులు, సిబ్బంది ముఖ్య కార్యనిర్వహణాధికారి, అంటే సీఈవో చేతిలో ఉంటాయి. కార్పొరేషన్‌లో మేయర్, కమిషనర్ల సంబంధమూ ఇంతే. అలాగని చైర్మన్ ఉత్త బొమ్మ అనుకుంటే పొరపాటు, అజెండా మీద ఆయన మాట చెల్లుతుంది. పంచాయతీలకి అప్పగించదగ్గవిగా రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో చెప్పిన 29 అంశాల్లో పాఠశాల విద్య ఉంది కాబట్టి మీ గోడ పరిషత్తు పరిధిలోని పనే. చిక్కల్లా డబ్బుతో. 2021-26కి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలి. గోడకి డబ్బు రావాలంటే మిగతా 40 శాతం నుంచో, జెడ్పీ సాధారణ నిధి నుంచో రావాలి.

కాబట్టి ఉత్త అర్జీ పట్టుకుని వెళ్లకండి. హెడ్మాస్టర్ లేఖ తీసుకోండి, పంచాయతీరాజ్ ఇంజినీరు చేత అంచనా వేయించండి, కూలిన చోట ఫొటోలు జతచేయండి. సీఈవోకి ఇచ్చి, నకలు చైర్‌పర్సన్‌కి పంపి, రెండింటిమీదా తేదీతో ముద్ర వేయించుకోండి. సర్వసభ్య సమావేశంలో విషయం లేవనెత్తాల్సింది మీ జెడ్పీటీసీయే. ఆయన ఎత్తారా లేదా అన్నది మినిట్స్‌లో కనబడుతుంది. ఆ మినిట్స్, సాధారణ నిధి ఖర్చు వివరాలు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

చైర్మన్‌ని దించడం గురించి మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతుంటారు. పంచాయతీరాజ్ చట్టం 245వ సెక్షన్ కింద అవిశ్వాసం పెట్టేది సభ్యులే. సగం మంది సంతకాలతో నోటీసు, మూడింట రెండొంతుల మద్దతు కావాలి. పదవి చేపట్టిన తొలి ఏళ్లలో అదీ కుదరదు. ఓటర్లకి ఇందులో చోటు లేదు.

కాగితం మాత్రం ఈ పాలకవర్గం ఉన్నన్నాళ్లూ విశాఖలోని జెడ్పీ కార్యాలయానికే వెళ్లాలి. అనకాపల్లి కలెక్టరేట్‌లో ఇస్తే అది అక్కణ్ణుంచి విశాఖకే బదిలీ అవుతుంది, ఆలస్యం మీకే.